నిండిన పళ్లెము, ఎండిన కూన

కలకడ మొదలుకొని మదనపల్లె, పుంగనూరు, కుప్పము వరకు గల మెట్టసీమలో కుక్క లేని పల్లె కానరాదు. అది వాకిట కావలి యుండును. గొర్రెల మంద వెంట నడచును. ఇంటివారు తినగా మిగిలిన రాగిసంగటి ముద్దయు, దానిపై పోసిన మజ్జిగయు దాని యాహారము. అట్టి యింట కుక్క యీనినప్పుడు ఒక్కొక్కసారి ఒక వింత కనబడును. ఒకే యీతలో ఐదారు కూనలు. అన్నిటికిని ఒకే తల్లి పాలు, ఒకే ముద్ద. రెండు నెలలు దాటునప్పటికి తక్కినవన్నియు బొద్దుగా ఎదిగి ఒకదానిపై నొకటి పడి ఆడుకొనుచుండగా, ఒకటి మాత్రము మూలకు చేరి, తల వ్రేలవేసి, ముద్ద వంక చూడక, ప్రక్కటెముకలు లెక్కకు వచ్చునట్లు చిక్కిపోవును.

ఇరుగుపొరుగువారు దానిని చూచి మూడు తీర్పులు చెప్పుదురు. దిష్టి తగిలినదని ఒకరు, దాని రాత అంతేయని ఒకరు, ఆ యింటివారు దానికి సరిగా పెట్టుట లేదని వేరొకరు. మొదటి రెండు మాటలవలన ఎవరికిని బాధ లేదు. మూడవ మాట మాత్రము ఇల్లాలి మనస్సులో ముల్లువలె గ్రుచ్చుకొనును. కుక్కకూన విషయముననే కాదు, చిక్కిపోయిన పసిబిడ్డ విషయమునను ఈ మాటయే తల్లి చెవిని పడుచుండును. ఆమె పెట్టుచునే యున్నది. బిడ్డ ఎండుచునే యున్నది. లోపమెక్కడ నున్నది?

కూన చిక్కిపోవుటకు కడుపులోని పురుగులు మొదలుకొని కారణములు పెక్కు గలవు. వానిలో మిక్కిలి అరుదైన యొక కారణమును, దానిని మానవులు కనుగొన్న వృత్తాంతమును మాత్రమే మేమిక్కడ ముచ్చటింప దలచితిమి. అరుదైనదే యైనను దానియందొక పెద్ద పాఠము కలదు. పళ్లెములో నున్న పోషకము వేరు, రక్తములో చేరిన పోషకము వేరు. ఈ రెండింటి నడుమ ఒక వాకిలి గలదు. ఆ వాకిలి కొందరికి పుట్టుకతోనే మూసికొని యుండును. ఈ సత్యమును మనకు నేర్పిన గురువులలో శునకము ముఖ్యమైనది; ఆ చరిత్రలో మన తెలుగునేలకును కొంత పాలు కలదు.

ఇరువదవ శతాబ్ది ఆరంభమువరకు వైద్యులు రోగమనగా ఏదో యొక విషమో, సూక్ష్మక్రిమియో శరీరమున ప్రవేశించుటయని తలచెడివారు. లేనిదానివలన రోగము వచ్చునను భావము వారికి క్రొత్త. 1912లో కాసిమిర్ ఫంక్ అను శాస్త్రజ్ఞుడు ఆహారములో అణుమాత్రముగ నుండి ప్రాణమును నిలుపు పదార్థములకు విటమినులని పేరు పెట్టెను. ఆ పేరు లోకమున స్థిరపడెను. అట్టి పదార్థముల ఉనికిని నిరూపించుటకు పరిశోధకులకు ఒక జంతువు కావలసి వచ్చెను. మనిషితో పాటు మనిషి తిండి తిని బ్రతుకు జంతువు కుక్కయే గదా!

1919 ప్రాంతమున లండనులో ఎడ్వర్డ్ మెల్లన్బీ కుక్కపిల్లలను ఇంటిలోపలనే యుంచి, ఓట్సు జావ ప్రధానముగా పెట్టి పెంచెను. వాని కాళ్లు వంకరలు తిరిగినవి. రికెట్సు వ్యాధి స్పష్టముగా కనబడెను. కాడ్ చేప కాలేయపు నూనె పట్టగా అవి కోలుకొనినవి. ఆ నూనె పిల్లలున్న యిండ్లలో ఒక మందుగా నిలిచెను. ఎండవలనను, ఆ నూనెవలనను శరీరమునకు అందునది డి విటమినని తరువాత తేలినది.

అదే కాలమున అమెరికా దక్షిణ రాష్ట్రములలో పెల్లగ్రా వ్యాధి వేలకొలది బీదల ప్రాణములను తీయుచుండెను. చర్మము నల్లబడి పొలుసులు లేచుట, విరేచనములు, మతి చెడుట దాని లక్షణములు. అది అంటురోగమని పెక్కుమంది నమ్మిరి. ప్రభుత్వ వైద్యుడు జోసెఫ్ గోల్డ్‌బెర్గర్ 1914 నుండి శ్రమించి, మొక్కజొన్నయే ముఖ్యాహారమైన బీదవారి తిండిలోని లోపమే దానికి మూలమని చూపెను. కుక్కలకు అటువంటి తిండి పెట్టినచో వాని నాలుక నల్లబడి, నోరు పుండై చనిపోవుట అప్పటికే తెలిసియుండెను. ఈ నల్లనాలుక వ్యాధి పెల్లగ్రాకు తోబుట్టువని గోల్డ్‌బెర్గరును, ఆయన అనుచరులును గ్రహించిరి. ఆయన 1929లో మరణించెను. 1937లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున కాన్రాడ్ ఎల్వెజెమ్ నికోటినిక్ ఆమ్లమును నల్లనాలుక గల కుక్కలకిచ్చి వానిని బ్రతికించెను. ఆ మందే మనుష్యుల పెల్లగ్రాను కూడ కుదిర్చెను.

ఇంతవరకు పాఠము సులభము. తిండిలో లేదు, కనుక రోగము వచ్చినది; తిండిలో చేర్చినచో రోగము పోవును. కాని లెక్క ఇంత సులభముగా సరిపోదని మన దక్కను పీఠభూమియే చూపెను. తెలంగాణమున జొన్నరొట్టె, జొన్నసంగటి తిను బీదవారిలో పెల్లగ్రా కనబడుచుండెను. నికోటినిక్ ఆమ్లమును శరీరము కొంతవరకు ట్రిప్టోఫాన్ అను మాంసకృత్తుల భాగమునుండి తానే తయారు చేసికొనగలదు. మొక్కజొన్నలో ఆ ట్రిప్టోఫాన్ మిక్కిలి తక్కువ; జొన్నలో అంత తక్కువ కాదు. అయినను రోగమెందుకు వచ్చుచున్నది?

కూనూరులో 1918లో చిన్నగా మొదలై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయమున ఈ ప్రశ్నను చేపట్టిరి. ఆ సంస్థయే 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థయను పేరున ప్రసిద్ధికెక్కినది. అక్కడ సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతియా 1960లో ఒక క్రొత్త భావమును ప్రకటించిరి. జొన్నలో ల్యూసిన్ అను వేరొక భాగము మెండుగా నున్నదనియు, అది నికోటినిక్ ఆమ్లపు వినియోగమునకు అడ్డు తగులుచున్నదనియు వారు చెప్పిరి. తరువాతి సంవత్సరములలో అక్కడి పరిశోధకులు జొన్న ప్రధానమైన ఆహారముతో కుక్కలలో నల్లనాలుకను కలిగించి చూపిరి. ఇతర దేశముల పరిశోధకులలో కొందరు పిమ్మట ఈ సిద్ధాంతముతో ఏకీభవింపలేదు. ఆ వాదము ముగియలేదు. అయినను ఒక మేలు జరిగెను. గింజలో ఎంత యున్నదని కొలిచినంత మాత్రమున చాలదు, ఒంటికి ఎంత పట్టుచున్నదని కూడ చూడవలెనని తెలిసెను.

ఇక రెండవ దారికి వత్తము. ఇది రక్తము యొక్క కథ. పంతొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఇంగ్లండులో థామస్ ఆడిసన్ అను వైద్యుడు ఒక వింత పాండురోగమును వర్ణించెను. రోగి పాలిపోవును, నీరసించును, క్రమముగా మరణించును. ఏ మందును పనిచేయదు. ప్రాణాంతక పాండురోగమని దానికి పేరు వచ్చెను. 1920 తరువాత అమెరికాలో జార్జి విప్పుల్ కుక్కల రక్తమును కొంచెము కొంచెముగా తీసి వానికి రక్తహీనత కలిగించి, ఏ తిండి పెట్టినచో రక్తము త్వరగా పెరుగునో పరీక్షించెను. అన్నిటికంటె కాలేయము మేలని తేలెను. ఆ మాట విని బోస్టనులో జార్జి మైనాట్, విలియం మర్ఫీ తమ రోగులకు ప్రతిదినము కాలేయము తినిపించిరి. చావునకు సిద్ధమైన వారు లేచి కూర్చుండిరి. 1926లో వారు 45 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. 1934లో ముగ్గురికిని నోబెల్ బహుమానము లభించెను.

ఇందులో ఒక చమత్కారము కలదు. విప్పుల్ కుక్కలకు కాలేయము మేలు చేసినది ముఖ్యముగా అందలి ఇనుమువలన. రక్తము కారిపోయిన జంతువునకు కావలసినది అదియే. మైనాట్ రోగులకు మేలు చేసినది అదే కాలేయములోని వేరొక పదార్థము. కుక్క చూపిన దారి సరియైనది. చెప్పిన కారణము మాత్రము వేరు. శాస్త్రచరిత్రలో ఇట్టి అదృష్టములు అప్పుడప్పుడు కలుగుచుండును.

ఆ రోగులు మాంసము తినని వారు కారు. మరి వారికి ఆ పదార్థము ఏల అందలేదు? ఈ ప్రశ్నకు బోస్టనులోనే విలియం కాజిల్ అను యువవైద్యుడు సాహసముతో జవాబు వెదకెను. ఆయన తానే మాంసము తిని, కొంతసేపటికి దానిని తన జఠరమునుండి బయటికి తీసి, గొట్టము ద్వారా రోగుల కడుపులోనికి పంపెను. విన రోతగా నుండవచ్చును గాని ఫలితము గొప్పది. వట్టి మాంసము తిన్నప్పుడు కోలుకొనని రోగి, ఆరోగ్యవంతుని జఠరరసముతో కలిసిన మాంసము చేరగానే కోలుకొనెను. 1929లో కాజిల్ ఇట్లు చెప్పెను: ఆహారములో ఒక అంశము, జఠరములో ఒక అంశము, రెండును కలిసిననే రక్తము పుష్టియగును. అనగా బయటి అతిథిని లోనికి తోడ్కొని వచ్చుటకు ఇంటివా డొకడు ఎదురు పోవలెను. వాకిలి సంగతి మొదట తెలిసినది ఇక్కడనే.

ఈ ఘట్టమున మన యెల్లాప్రగడ సుబ్బారావు గారిని తలపక ముందుకు సాగరాదు. ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. ఆయన సోదరుడు పురుషోత్తము సంగ్రహణి వ్యాధితో మరణించెను. సుబ్బారావు గారికి కూడ ఆ వ్యాధి సోకెను; ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడెను. సంగ్రహణి యన నేమి? తిన్నది ఒంటబట్టకుండ పోవుట. ప్రేగుల లోపలి పొర చెడి, అన్నము నిండుగా తిన్నను శరీరము ఎండిపోవును. పళ్లెమునకును రక్తమునకును నడుమ గల అడ్డంకిని ఆయన తన యింటనే, తన యొంటనే చూచెనన్న మాట.

ఆయన 1922లో అమెరికా చేరి, హార్వర్డులో చదివి, కాలేయపు సారమునుండి రక్తమును పుష్టిపరచు పదార్థమును వేరుచేయుటకు సంవత్సరముల తరబడి శ్రమించెను. 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరెను. అంతకు ముందే, 1930 ప్రాంతమున, లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయి నూలుమిల్లులలో పనిచేయు బీద గర్భిణులకు కలుగు రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముతో దానిని కుదిర్చియుండెను. ఆ సారమున నుండినది ఫోలిక్ ఆమ్లము. 1945లో సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు దానిని రసాయనికముగా తయారు చేయగలిగిరి. సంగ్రహణి రోగుల రక్తమును అది ఆశ్చర్యకరముగా పెంచెను. సోదరుని హరించిన వ్యాధికి సోదరుడు మందు సాధించెననిన అతిశయోక్తి కాదు.

అయితే ప్రాణాంతక పాండురోగమునకు ఫోలిక్ ఆమ్లము పూర్తి మందు కాలేదు. రక్తము పెరిగినను నరముల క్షీణత ఆగలేదు. కాలేయములో ఇంకొక పదార్థము దాగియున్నదని తేలెను. 1948లో అమెరికాలో ఒక బృందమును, ఇంగ్లండులో ఒక బృందమును వేరువేరుగా దానిని ఎర్రని స్ఫటికములుగా వేరుచేసిరి. అదియే బి12 విటమిను. ఆ సంవత్సరము ఆగస్టులోనే సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలో కన్నుమూసిరి. డోరతీ హాడ్జ్‌కిన్ అను విదుషి 1956 నాటికి బి12 యొక్క నిర్మాణమును వెల్లడించెను. 1964లో ఆమెకు నోబెల్ బహుమానము లభించెను.

బి12 తక్కిన విటమినులవంటిది కాదు. దానిని మొక్కలు తయారు చేయవు. సూక్ష్మజీవులే తయారు చేయును. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసము, కాలేయము ద్వారా మనకది లభించును. మనిషికి దినమునకు కావలసినది రెండు మూడు మైక్రోగ్రాములు మాత్రమే. గ్రాములో పదిలక్షవ వంతు ఒక మైక్రోగ్రాము. ఇంత స్వల్పమైన వస్తువు జారిపోకుండ పట్టుకొనుటకు శరీరము గొప్ప ఏర్పాటు చేసికొన్నది. కాజిల్ ఊహించిన జఠరాంశము దానిని పట్టుకొని చిన్నప్రేగు తుదివరకు తీసికొనిపోవును. అక్కడ ప్రేగు గోడపై ఒక ప్రత్యేకమైన గ్రాహకము ఆ జంటను గుర్తించి లోనికి స్వీకరించును. మనుష్యులలో ఆ అంశము జఠరమున పుట్టును. కుక్కలలో ముఖ్యముగా క్లోమమున పుట్టును. అంతమాత్రమే భేదము; గ్రాహకము ఇరువురికిని ఒక్కటియే.

ఆ గ్రాహకమే లోపించిన నేమగును? 1960లో నార్వేలో ఓల్గా ఇమర్స్‌లుండ్, ఫిన్లండులో రాల్ఫ్ గ్రాస్‌బెక్ ఒకరితో నొకరికి సంబంధము లేకయే కొందరు పిల్లలను వర్ణించిరి. పిల్లలు పాలిపోయి, ఎదుగుదల లేక, రక్తహీనులై యుండిరి. తిండి చక్కగా నున్నది, జఠరాంశమును ఉన్నది, అయినను బి12 రక్తములో చేరలేదు. మూత్రములో మాంసకృత్తులు కొంచెము పోవుచుండెను. ఒకే తల్లిదండ్రుల పిల్లలలో ఒకరికంటె నెక్కువ మందికి ఇది కనబడెను. బి12 సూదిమందు ఇచ్చినచో పిల్లలు తేరుకొనిరి. ఇది పళ్లెములోని లోపము కాదు, వంశములో వచ్చిన లోపమని వారు తేల్చిరి. ఆ వ్యాధికి వారిరువురి పేరే నిలిచెను.

ముప్పది సంవత్సరముల పిమ్మట మరల కుక్క రంగమున ప్రవేశించెను. జెయింట్ ష్నౌజర్ అను నల్లని పెద్ద కుక్కజాతి యొకటి కలదు. దక్షిణ జర్మనీలో పశువుల మందలను తోలుటకు దానిని పెంచెడివారు. అమెరికాలో ఆ జాతి కూనలలో కొన్ని ఆరు మొదలు పండ్రెండు వారముల వయస్సున తిండి మాని, నీరసించి, ఎదుగుట నిలిపివేసినవి. తోడి కూనలు చక్కగనే యుండినవి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పశువైద్యులు జాన్ ఫైఫ్ మొదలగువారు వానిని పరిశీలించిరి. వాని రక్తమున బి12 మిక్కిలి తక్కువ. బి12 లేనిదే శరీరము మార్చుకొనలేని మీథైల్‌మలోనిక్ ఆమ్లము మూత్రములో మెండుగా నుండెను. మాంసకృత్తులును కొంచెము పోవుచుండెను. సూదిమందు ఇవ్వగా కొద్ది దినములలోనే కూనలు లేచి తిండికి ఎగబడినవి. 1991లో వారు దీనిని సవిస్తరముగా ప్రకటించిరి. నార్వే పిల్లల వ్యాధియే ఈ కూనల వ్యాధి.

పుట్టగానే ఏల కనబడలేదని శ్రోతలు అడుగవచ్చును. తల్లి కడుపున నున్నప్పుడు తల్లి రక్తమునుండి పొందిన నిలువ కొన్ని వారములు సరిపోవును. అది తీరిన పిమ్మటనే లోపము బయటపడును. అప్పటికి కూన తల్లిపాలు విడిచి యజమాని పెట్టు తిండికి మరలియుండును. కనుకనే నేరము ఆ తిండిపై పడును!

తరువాత జన్యువుల అన్వేషణము సాగెను. బి12ను స్వీకరించు గ్రాహకమునకు రెండు భాగములు గలవు. ఒకదాని పేరు క్యూబిలిన్, రెండవదాని పేరు ఆమ్నియన్‌లెస్. రెండును కలిసిననే అది ప్రేగు గోడపైకి చేరి నిలువగలదు. ఫిన్లండు కుటుంబములలో క్యూబిలిన్ జన్యువు చెడియున్నదని 1999లోను, నార్వే కుటుంబములలో ఆమ్నియన్‌లెస్ జన్యువు చెడియున్నదని 2003లోను తెలిసెను. 2005లో జెయింట్ ష్నౌజర్, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతులలో ఆమ్నియన్‌లెస్ జన్యువునందే దోషములు కనుగొనిరి. ఇంగ్లండు స్కాట్లండుల సరిహద్దున గొర్రెలను కాయు బార్డర్ కోలీ జాతిలో దోషము క్యూబిలిన్ జన్యువునందున్నదని 2013లో తేలెను. బీగిల్ జాతిలోను ఆ జన్యువునందే వేరొక దోషము బయటపడెను. ఆ గ్రాహకము మూత్రపిండములలో కూడ నుండి, మాంసకృత్తులు జారిపోకుండ పట్టుచుండును. మూత్రములో అవి కనబడుటకు కారణమిదియే. వైద్యునకు తొలిజాడ నిచ్చినది ఆ చిన్న గుర్తే.

ఒకే యీతలో ఒక కూన మాత్రమే చిక్కుటకు జవాబు ఇక్కడ దొరకును. ప్రతి జన్యువునకును రెండు ప్రతులుండును. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి. ఒక ప్రతి చెడినను రెండవది పని నెరవేర్చును. ఆ జంతువు ఆరోగ్యముగా నుండి, దోషమును మోయుచు మాత్రముండును. అట్టి రెండు జంతువులు జతకట్టినప్పుడు ఒక్కొక్క కూనకు రెండును చెడిన ప్రతులే వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము కలదు. మెండెల్ 1866లో బఠాణీ మొక్కలపై ప్రకటించిన లెక్కయే యిది. 1902లో ఆర్చిబాల్డ్ గారొడ్ అను ఆంగ్ల వైద్యుడు అల్కాప్టోన్యూరియా అను వ్యాధిని వంశదోషముగా గుర్తించుచు, దగ్గరి బంధువులైన దంపతుల సంతానమునందు అది తరచుగా కనబడుటను ప్రత్యేకముగా గమనించెను. దగ్గరి బంధువులకు ఒకే పూర్వీకుని చెడిన ప్రతి చేరియుండు అవకాశము హెచ్చు గదా.

కుక్కజాతుల చరిత్ర ఇక్కడ అక్కరకు వచ్చును. మనము నేడు చూచు మేలుజాతి కుక్కలలో పెక్కు గడచిన రెండువందల యేండ్లలో రూపొందినవే. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు ఏర్పడిన పిమ్మట ఒక్కొక్క జాతికి వంశావళి పుస్తకములు వచ్చినవి. పుస్తకములో పేరున్న కుక్కను పుస్తకములో పేరున్న కుక్కతోనే జతపరచవలెను. పోటీలో బహుమానము పొందిన మగకుక్కను అందరును కోరుదురు. అది వందలకొలది కూనలకు తండ్రి యగును. దానియందు దాగిన దోషము ఒకటియున్నచో మనుమలకు, మునిమనుమలకు ఆ దోషము ప్రాకి, కొన్ని తరములకు ఇరువైపులనుండియు వచ్చి ఒక కూనయందు కలియును. మన వీధికుక్కకు వంశావళి లేదు. కనుక దానికి ఈ ప్రమాదము తక్కువ. దాని ఆపదలు వేరు.

ఈ మాట కుక్కలతో ముగియదు. మన తెలుగునాట మేనరికము పూర్వమునుండి వచ్చిన యాచారము. ఇంటి పిల్ల ఇంటిలోనే యుండవలెనను ఆప్యాయతయు, భూమి చీలిపోరాదను జాగ్రత్తయు దాని వెనుక గలవు. దానిని మేము నిందింపము. అట్టి దంపతుల బిడ్డలలో మిక్కిలి యెక్కువ మంది ఆరోగ్యముతోనే జన్మించుచున్నారు. అయినను లెక్క లెక్కయే. మేనమామను పెండ్లాడిన పిల్ల సంతానమునందు ఏ జన్యువు యొక్క రెండు ప్రతులైనను ఒకే పూర్వీకుని ప్రతినుండి దిగివచ్చుటకు ఎనిమిదింట ఒక పాలు అవకాశము. మేనబావ మరదళ్ల సంతానమునందు పదునాఱింట ఒక పాలు. వంశములో అట్టి వ్యాధి యొకటి యిదివరకే కనబడియున్నచో, లగ్నము పెట్టుకొనకమునుపే వైద్యుని సంప్రదించుట వివేకము. అది అనుమానము కాదు, పుట్టబోవు బిడ్డపై ప్రేమ.

పుంగనూరు ఆవు ఈ సీమకు పేరు తెచ్చిన పొట్టి జాతి. మూడడుగుల మించుమించు ఎత్తు, కొద్దిపాటి మేత, వెన్న మెండుగా గల పాలు దాని లక్షణములు. పాలెక్కువ యిచ్చు ఇతర జాతులతో సంకరము పెరిగిన కొలది అచ్చమైన పశువులు మిక్కిలి తగ్గిపోయినవి. పలమనేరు పశు పరిశోధనా స్థానమున దానిని కాపాడు కృషి జరిగినది. ఇటీవల దానిపై మక్కువ పెరిగి, పలువురు పెంచుకొనుచున్నారు. ఇది సంతోషింపదగినదే. కాని సంఖ్యలో తగ్గిన ఏ జాతినైనను మరల పెంచునప్పుడు ఒకే కోడెను అందరును ఆశ్రయింపరాదు. పొట్టితనమును మాత్రమే చూచి దగ్గరి రక్తమును జతపరుపరాదు. జాతిని కాపాడుట యనగా దాని రూపమును కాపాడుట మాత్రమే కాదు, దాని వైవిధ్యమును కూడ కాపాడుట.

కుక్కలను పెంచువారికి నేడు ఒక సౌకర్యము కలదు. రక్తపు చుక్కతోనో, బుగ్గ లోపలి తడితోనో జన్యుపరీక్ష చేసి, దోషమును మోయు జంతువు ఏదో ముందే తెలిసికొనవచ్చును. అట్టి జంతువును విసర్జింప నక్కరలేదు. దోషము లేని దానితో జతపరచినచో రోగముగల కూన పుట్టదు. మోయువానినన్నిటిని ఒక్కసారి తొలగించినచో జాతి మరింత ఇరుకై, వేరొక దోషము తల యెత్తవచ్చును. రోగముగల కూన ఇదివరకే పుట్టియున్నచో, పశువైద్యుడు గుర్తించిన పిమ్మట కాలానుగుణముగా ఇచ్చు బి12 సూదిమందుతో అది తక్కిన కుక్కలవలెనే బ్రతుకగలదు. ప్రేగు వాకిలి మూసియున్నను సూది వేరొక వాకిలి తెరచును.

వెనుదిరిగి చూచినచో ఈ చరిత్ర పొడవునా తప్పు ఎవరిదను ప్రశ్నయే వినవచ్చును. మొదట క్రిమిదని అనిరి. తరువాత తిండిదని అనిరి. పిమ్మట జఠరమునదని, ప్రేగునదని, కట్టకడపట జన్యువునదని అనిరి. ప్రతి మెట్టునను కనుగొన్నది సత్యమే. ప్రతి మెట్టునను అదియే సర్వమనుకొనుట పొరపాటు. బీదవాని పళ్లెములో నిజముగా లోపమున్నప్పుడు వంశమని, రాతయని చెప్పి తప్పించుకొనుట అన్యాయము. పళ్లెము నిండియున్నప్పుడు తల్లిని దోషిగా నిలుపుటయు అంతే అన్యాయము. ఈ రెంటిని వేరుచేసి చూపగలుగుటయే ఈ పరిశోధనల ఫలము.

కావున మీ యింటనో, పొరుగింటనో ఒకే యీతలోని కూన యొకటి మూలకు చేరి తల వ్రేలవేసినప్పుడు, ఇల్లాలిని నిలదీయకమునుపు దానిని ఎత్తుకొని పశువైద్యశాలకు పొండు. పురుగుల మందుతోనే అది కోలుకొనవచ్చును. తరచుగా జరుగునది అదియే. కోలుకొననిచో ఇంకను అడుగవలసిన ప్రశ్నలు గలవు. పసిబిడ్డ విషయమునను మాట ఇదియే. పెట్టిన చేతిని ముందుగా అనుమానింపకుడు. ఆ చేయి పెట్టినది లోనికి చేరుచున్నదో లేదో విచారింపుడు.